మూడో భాగం లేని సొనాటా

మీ కోటు అప్పగించి, బదులుగా ఇచ్చిన బిళ్ల జేబులో వేసుకుని మెట్లెక్కి వచ్చారు. వియన్నాలో మార్చి నెల, సాయంత్రం ఏడున్నర. బయట చలి ఇంకా వదల్లేదు. మ్యూజిక్‌ఫెరైన్ భవనంలో టీవీలో కనిపించే పెద్ద బంగారు హాలు కాదిది. దాని పక్కనున్న చిన్నది, సంగీతకర్త బ్రామ్స్ పేరు పెట్టుకున్నది. ఆకుపచ్చ గోడలు, ఎర్రటి స్తంభాలు, అంచులకు బంగారు పూత. ఆరువందల మంది పడతారేమో, అంతే. 1870లో ఇక్కడ మొట్టమొదటి కచేరీ చేసింది పియానో విద్వాంసురాలు క్లారా షూమన్. ఈ రాత్రి వాయించబోయేది కూడా ఒక స్త్రీయే, అరవై దాటిన మనిషి.

మీ సీటు ఎడమవైపున, నాలుగో వరుసలో. పియానో కచేరీలకు బాగా అలవాటైనవాళ్ళు ఎడమవైపు సీట్లే వెతుక్కుంటారు, వాయించే చేతులు అక్కణ్ణుంచి కనబడతాయి కాబట్టి. ఈ రాత్రి ఆ చేతుల్ని చూడటం చాలా అవసరం.

వేదిక మీద నల్లటి పియానో, మూత ఎత్తి ఉంది. 88 మెట్లు. లోపల ఇనుప చట్రానికి రెండువందల పైచిలుకు తీగలు బిగించి ఉన్నాయి. వాటన్నిటి బిగువూ కలిపితే దాదాపు 20 టన్నులు. ఈ రాత్రి వినబోయే సంగీతం రాసిన బేతోవెన్ ఇంట్లో ఉన్నది ఇలాంటిది కాదు. 1817 చివర్లో లండన్ నుంచి పియానోల తయారీదారు థామస్ బ్రాడ్‌వుడ్ ఆయనకు ఒక పియానో కానుకగా పంపాడు. అది సముద్రం మీద ట్రియెస్ట్ రేవు చేరి, అక్కణ్ణుంచి కొండలు దాటి 1818లో వియన్నాకు వచ్చింది. 73 మెట్లు, కర్ర చట్రం. తర్వాతి కాలంలో సంగీతకర్త లిస్ట్ చేతికి వెళ్ళి, ఇప్పుడు బుడాపెస్ట్‌లో జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ పియానో గుమ్మంలోకి వచ్చేనాటికి బేతోవెన్ చెవులు దాదాపు మూతపడ్డాయి. ఆ సంవత్సరం నుంచే, ఇంటికొచ్చినవాళ్ళు చెప్పదలచుకున్నది ఒక పుస్తకంలో రాసి చూపిస్తే, ఆయన నోటితో జవాబిచ్చేవాడు.

మీరు వినబోయేది ఆయన 32 పియానో సొనాటాల్లో చివరిది, ఓపస్ 111. రాతప్రతి మీద ఆయన వేసిన తేదీ 1822 జనవరి 13. అప్పటికి వయసు 51. సొనాటా అంటే మూడు భాగాలో నాలుగో ఉండటం రివాజు. దీనికి రెండే. మొదటిది తొమ్మిది నిమిషాల పెనుగులాట. రెండోది దానికి రెట్టింపు పొడవు, ఒక చిన్న పాట, దాని మీద అల్లిన వేరియేషన్లు. బేతోవెన్ దీనికి కథ ఏదీ చెప్పలేదు, పేరు కూడా పెట్టలేదు. కానీ విన్న ప్రతిసారీ నాకిది ఒక మనిషి పుట్టుక నుంచి చివరిదాకా నడిచిన దారిలాగే వినిపిస్తుంది. ఆ దారినే మీరూ నాతో నడవాలని నా కోరిక.

ఆమె వచ్చింది. వంగి నమస్కరించింది, కూర్చుంది. బల్ల ఎత్తు సర్దుకోలేదు, చేతులు నలుపుకోలేదు. ఎడమచెయ్యి ఒక్కటే పైకి లేచింది.

పడింది. బొటనవేలూ చిటికెనవేలూ చాచి ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో గట్టిగా కొట్టి, అదే ఊపులో జానెడు కూడా లేని దూరం కిందికి దూకి మరో స్వరం మీద పడింది. దూరం చిన్నదే. కానీ ఆ కొంచెం సేపట్లో చెయ్యి గాల్లో ఉంటుంది, పక్క మెట్టు మీద పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. రెండో స్వరాన్ని కుడిచేత్తో అందుకుంటే ఆ ప్రమాదం లేదు, అలా వాయించేవాళ్ళూ ఉన్నారు. బేతోవెన్ మాత్రం ఎడమచేతికే రాశాడు. ఆమె ఎడమచేత్తోనే దూకింది. మీరు ఎడమవైపు కూర్చున్నది ఈ ఒక్క దూకుడు కోసమే అన్నా తప్పు లేదు. ఆ భయం సంగీతంలో భాగం. ఎవరమూ అడిగి పుట్టలేదు, ఎక్కడ పడతామో చూసుకుని దూకనూ లేదు.

మళ్ళీ దూకింది. ఇంకోసారి. మూడు దూకుళ్ళు, మూడు వేర్వేరు స్వరసమూహాలు. ఆ మూడూ కలిస్తే ఉన్న పన్నెండు స్వరస్థానాలూ పలికేసినట్టే. పాట ఇంకా మొదలే కాలేదు. ఏది షడ్జమమో తెలియదు, ఎక్కడ నిలబడాలో తెలియదు. కళ్ళు తెరిచిన శిశువు ముందు లోకమంతా ఒకేసారి ఉన్నట్టు, ఏ ఒక్కటీ ఇంకా తనది కానట్టు ఉంటుంది ఈ మొదటి నిమిషం. తర్వాత చప్పుడు తగ్గుతుంది. స్వరసమూహాలు ఒక్కొక్కటిగా, తడుముకుంటూ అడుగులేస్తాయి. అట్టడుగు మెట్ల మీద ఒక ఉరుము మొదలై, పెరిగి, పెరిగి, మూడు స్వరాల మీద బద్దలవుతుంది.

మన చెవికి అందేలా చెబితే ఆ మూడు స్వరాలు స, గ, ని. సాధారణ గాంధారం, కింది స్థాయి కాకలి నిషాదం. కీరవాణి స్వరాలు. పాశ్చాత్య సంగీతాన్ని రాగాలతో కొలవడం సరికాదని నాకు తెలుసు. కానీ ఆ స్వరాలు మన ఒంట్లో ఏ చోట తగులుతాయో చెప్పడానికి తెలుగువాడికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఆ మూడూ పలికి, హఠాత్తుగా ఆగిపోతాయి. మళ్ళీ మొదలవుతాయి, మళ్ళీ తడబడతాయి. ఆ తర్వాతే పరుగు.

ఇక మీరు ఊపిరి తీసుకోలేరు. రెండు చేతులూ ఒకదాన్నొకటి తరుముతున్నాయి. ఒక చెయ్యి అన్నమాటను రెండోది లాక్కుంటోంది. బాన్ పట్టణంలో బేతోవెన్ పెరిగిన ఇల్లు కళ్ళముందు కదులుతుంది. తాత ఆస్థాన సంగీత పెద్ద. తండ్రి అదే ఆస్థానంలో గాయకుడు, తాగుడుకు బానిస, కొడుక్కి మొదటి గురువు. 1787లో తల్లి పోయింది, పిల్లవాడికి పదహారేళ్ళు. తమ్ముళ్ళు ఇంకా చిన్నవాళ్ళు, ఇల్లు అతని మీద పడింది. 1792 నవంబరులో, ఇరవై రెండో ఏడు నిండకుండానే, సంగీతకర్త హైడన్ దగ్గర నేర్చుకోవడానికి ఇదే వియన్నాకు వచ్చాడు, మళ్ళీ బాన్ వెళ్ళలేదు.

ఈ పరుగు మధ్యలో ఒకచోట గాలి నిలిచిపోతుంది. శృతి మారుతుంది. పైనుంచి ఒక మెత్తటి వాక్యం దిగివస్తుంది, నెమ్మదిస్తుంది, ఇంకా నెమ్మదిస్తుంది. ప్రేమో, అమ్మ గొంతో, ఒక మధ్యాహ్నపు నీడో, ఏదైనా కావచ్చు. పట్టుకుందామనుకునేలోపు తుఫాను దాన్ని లాక్కుపోతుంది. వినేవాళ్ళలో చాలామంది దాన్ని గమనించను కూడా గమనించరు. మీరు గమనించండి. అది ఇంకోసారి వస్తుంది, శంకరాభరణపు వెలుగులో, ముందటికంటే కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. యవ్వనం మనకు సుఖాన్ని ఇచ్చేది ఆ మోతాదుల్లోనే.

ఆమె భుజాలు చూడండి. ఇంత బరువైన శబ్దానికి భుజాలు బిగుసుకోవాలి. బిగుసుకోలేదు. మొదటి సగాన్ని బేతోవెన్ చెప్పినట్టే మళ్ళీ మొదటినుంచి వాయించింది. అదే పరుగు, అదే తడబాటు, అదే మెత్తటి వాక్యం, అదే పోగొట్టుకోవడం. రెండోసారి వింటున్నప్పుడు మీకు ముందే తెలుసు, అది పోతుందని. తెలిసినా ఆపలేరు.

చెవుల సంగతి ఇక్కడే చెప్పాలి. 1801 జూన్‌లో, ముప్ఫయ్యేళ్ళ వయసులో, బేతోవెన్ తన చిన్ననాటి స్నేహితుడు, డాక్టరు అయిన వెగెలర్‌కి ఉత్తరం రాశాడు. అందులో ఆయన దాచుకోకుండా చెప్పుకున్న బాధ ఇది: నాటకశాలలో వేదికకు బాగా దగ్గరగా వంగి కూర్చుంటే తప్ప మాటలు అందడం లేదు, కొంచెం దూరమైతే వాద్యాల్లోనూ గొంతుల్లోనూ పై స్థాయి స్వరాలు వినిపించడం లేదు. ముందు పోయింది పై స్వరాలే. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, రాత్రి పూర్తయ్యేలోపు దీని అవసరం పడుతుంది. మరుసటి ఏడు, 1802 అక్టోబరు 6న, హైలిగెన్‌ష్టాట్ అనే పల్లెలో కూర్చుని తమ్ముళ్ళ పేరిట ఒక వీలునామాలాంటి ఉత్తరం రాశాడు. ప్రాణం తీసుకుందామనుకున్నాననీ, కళ ఒక్కటే తనను ఆపిందనీ దాని సారాంశం. అది పంపలేదు. పాతికేళ్ళ తర్వాత, ఆయన పోయాక, కాగితాల్లో దొరికింది. ఈ హాలుకు పక్కనే ఉన్న కార్ల్స్‌ప్లాట్స్ స్టేషన్లో యూ4 మెట్రో ఎక్కితే, ఆ లైను చివరి స్టేషను ఆ ఊరే. రేపు పొద్దున్న వెళ్ళి చూడండి.

మొదటి భాగం ముగింపుకొచ్చింది. మీరు ఒక పెద్ద దెబ్బ కోసం కాచుకుని ఉన్నారు, గెలుపో ఓటమో తేలే దెబ్బ. ఎందుకంటే ఈ మనిషి ఇదే శృతిలో ఇంతకుముందు గెలిచాడు. ఐదో సింఫనీని 1808 డిసెంబరు 22న వియన్నాలో మొదటిసారి వినిపించినప్పుడు, ఇదే చీకటి శృతిలో మొదలుపెట్టి, శంకరాభరణపు వెలుగు శృతిలోకి, బాకాలతో, భేరీలతో, ఊరేగింపుగా వచ్చాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్ళు నిండాయి. ఆ గెలుపు లోకానికంతటికీ తెలుసు. ఇక్కడ ఏం జరుగుతోందో వినండి. తుఫాను దానంతటదే అలిసిపోతోంది. ఎడమచెయ్యి కింద ఇంకా పరిగెడుతూనే ఉంది కానీ అందులో కోపం లేదు. పైన స్వరసమూహాలు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. చివరి స్వరసమూహం వెలుగు శృతిలోనే, చాలా మెల్లగా. ఎవరూ గెలవలేదు, ఎవరినీ ఓడించలేదు. యాభై దాటినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఆమె చేతులు ఒడిలోకి తీసుకోలేదు. మెట్లకు కొంచెం పైన అలాగే ఉంచింది. భాగానికీ భాగానికీ మధ్య దగ్గుకోవడం కచేరీ హాళ్ళలో మామూలే. ఇక్కడ ఎవరూ దగ్గలేదు.

రెండో భాగం, అరియెట్టా. పదహారు బార్ల, అంటే పదహారు తాళావర్తాల, పాట. పై షడ్జమం నుంచి పంచమానికి దిగి, ఆ పంచమం మీదే నిలుస్తుంది: స, ప, ప. తర్వాత పై రిషభం నుంచి అదే పంచమానికి: రి, ప, ప. అంతే మొదలు. సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లలకు కూడా ఈ స్వరాలు అందుతాయి. పాట రెండో సగంలో ఒక్క నీడ పడి, తొలగి, మళ్ళీ మొదటి చోటుకే వస్తుంది. బేతోవెన్ పైన రాసిన సూచన కూడా అదే, ఎంతో నెమ్మదిగా, నిరాడంబరంగా, పాడుతున్నట్టు అని. ఇంత పోరాటం తర్వాత ఇంత చిన్న పాటా అని మొదటిసారి వినేవాళ్ళకు అనిపిస్తుంది. ఆ చిన్న పాటే మిగతా పదహారు, పదిహేడు నిమిషాలు.

ఇక్కణ్ణుంచి జరిగేది మన ఇళ్ళలో సంగీతం నేర్చుకున్నవాళ్ళకు తెలుసు. సరళీ స్వరాలు ఒకటో కాలంలో పాడించి, తాళం అలాగే ఉంచి రెండో కాలం, మూడో కాలం పాడిస్తారు కదా. చెయ్యి వేసే తాళం మారదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య స్వరాలు పెరుగుతాయి. ఈ వేరియేషన్ల దగ్గర బేతోవెన్ లయ మార్చవద్దని స్పష్టంగా రాశాడు. మొదటి వేరియేషన్‌లో పాట కొంచెం కదులుతుంది, నడక నేర్చుకున్నట్టు. రెండోదానిలో అదే దెబ్బల మధ్య స్వరాలు ఇంకా చిక్కబడి, ఊగుతాయి. మూడోదానికొచ్చేసరికి హాలు ఎగిరి కూర్చుంటుంది. చేతులు రెండూ పైకీ కిందికీ ఎగసిపడుతున్నాయి, దెబ్బలన్నీ తాళానికి ముందో వెనకో పడుతున్నాయి. అచ్చం జాజ్. ఇది విన్నవాళ్ళు బూగీవూగీ అనకుండా ఉండలేరు, అమెరికాలో ఆ సంగీతం పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందు రాసింది అయినా. మీ ముందు వరుసలో నెరిసిన జుట్టు పెద్దాయన భుజాలు కదులుతున్నాయి. ఆయన భార్య ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆపడానికి కాదు.

నడివయసు ఇలా నాట్యమాడుతుందని చెప్పినవాళ్ళు తక్కువ. నడివయసంటే బాధ్యతలు, అలసట, లెక్కలు అనే అందరూ చెబుతారు. బేతోవెన్‌కి అవన్నీ మనకంటే ఎక్కువే ఉన్నాయి. 1815లో తమ్ముడు కాస్పర్ పోయాక, అతని కొడుకు కార్ల్ ఎవరి దగ్గర పెరగాలని మరదలితో కోర్టుల్లో 1820 దాకా పోరాడాడు. గెలిచాడు, ఆ గెలుపు వల్ల ఎవరికీ మేలు జరగలేదు. 1821లో కామెర్లొచ్చి మంచం పట్టాడు. తన శిష్యుడూ పోషకుడూ అయిన రాకుమారుడు రుడాల్ఫ్ 1820లో ఆర్చిబిషప్ అయ్యే వేడుకకు ఇస్తానన్న మాస్ అనే చర్చి ప్రార్థనా సంగీతం ఇంకా పూర్తి కాలేదు. ఆ బాకీ పనీ ఆ జబ్బూ మోస్తున్న మనిషి రాసిన నాట్యం ఇది. ఈ సొనాటాను అంకితమిచ్చింది కూడా ఆ రుడాల్ఫ్‌కే.

నాలుగో వేరియేషన్. ఒక్కసారిగా అంతా అడుగుకు దిగిపోతుంది. ఎడమచెయ్యి పాతాళంలో రెండు స్వరాల మధ్య మర్మరిస్తోంది, చాలా చాలా మెల్లగా. పైన పాట ముక్కలై, తాళం తప్పుకుని, ఒక్కో పలుకుగా వినిపిస్తోంది. తర్వాత చేతులు రెండూ పైకి వెళ్ళిపోయి, కుడిచివరి మెట్ల మీద సన్నటి నూలు వడుకుతాయి. మళ్ళీ అడుగుకు. మళ్ళీ పైకి. లయ మాత్రం మొదటిదే. మీరు కావాలంటే వేలితో మోకాలి మీద తాళం వేసుకుని చూడండి, పది నిమిషాల కిందట స, ప, ప అన్నప్పుడు వేసిన దెబ్బే ఇది. అప్పుడు ఒక దెబ్బకు ఒకటో రెండో స్వరాలు. ఇప్పుడు అదే దెబ్బలో తొమ్మిది పడుతున్నాయి. ఇవి హడావిడి స్వరాలు కావు, వింటుంటే కాలం నిలిచిపోయినట్టుంది.

నేను ఈ సొనాటా గురించి చెప్పదలచుకున్నదంతా ఈ చోటే ఉంది. వయసు మీద పడటమంటే తగ్గిపోవడమనీ, ఖాళీ అయిపోవడమనీ మనం నమ్ముతాం. ముసలివాళ్ళను చూసి వీళ్ళకు ఇక కాలం గడవదు పాపం అనుకుంటాం. బేతోవెన్ ఇక్కడ లెక్కగట్టి, కాగితం మీద రాసి, దానికి ఎదురు చెప్పాడు. లయ పెరగదు, తగ్గదు, కానీ ఒక్కో క్షణంలో పట్టేది ఎక్కువవుతుంది. డెబ్భై ఏళ్ళ మనిషి కిటికీ దగ్గర కదలకుండా కూర్చుని ఉంటే, ఆ కూర్చోవడంలో ఎంత నిండి ఉండగలదో నాకు చెప్పింది ఈ నాలుగో వేరియేషన్.

అప్పుడు ట్రిల్ మొదలవుతుంది. పక్కపక్కనున్న రెండు స్వరాల్ని ఎడతెగకుండా మార్చి మార్చి వాయించడం. మామూలుగా అది ఒక అలంకారం, వాక్యం చివర పెట్టే మెరుపు. ఇక్కడ వాక్యం పోయి మెరుపు ఒక్కటే మిగిలింది. ఒక ట్రిల్‌కి ఇంకోటి తోడైంది, మూడోదీ కలిసింది. ఆమె వేళ్ళు కనిపించనంత వేగంగా, చెయ్యి మాత్రం కదలకుండా ఉంది. శృతి మారిపోయింది, పాట లేదు, తాళం కూడా కనబడటం లేదు. ట్రిల్ మెట్టు మెట్టుగా పైకి పాకుతోంది. కుడిచెయ్యి ఈ చివరకు, ఎడమచెయ్యి ఆ చివరకు వెళ్ళిపోయాయి. మధ్యలో పియానో మొత్తం ఖాళీ. ఆ ఖాళీ మీకు మెడ వెనక తగులుతుంది. ఇష్టమైనవాళ్ళందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయాక ఇంట్లో ఉండే చోటు అది. ఇంతసేపూ నిండుతూ వచ్చిన జీవితంలో ఇదీ ఉందని ఆయన దాచలేదు. అది దాచి ఉంటే నేను ఈ సంగీతాన్ని ఇంతగా నమ్మేవాణ్ణి కాదు.

కాసేపు దారి వెతుకులాట. ఒక శృతి తలుపు, ఇంకో శృతి తలుపు. అప్పుడు, మీరు కనిపెట్టలేనంత సహజంగా, పాట తిరిగొస్తుంది. స, ప, ప. ఈసారి కింద అల్లిక ఆగకుండా పారుతూనే ఉంది, పైన పాట మొత్తం, ఒక్క స్వరం తగ్గకుండా. మొదటిసారి విన్న పాటే. ముందు వరుస పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

ఇక చివరి పేజీలు. ట్రిల్ మళ్ళీ వచ్చింది, ఈసారి ఒంటరిగా కాదు, పాటతో కలిసి. అంతా కుడివైపు పై మెట్ల మీద, సన్నటి తీగల మీద జరుగుతోంది. 1801లో రాసిన ఆ ఉత్తరం గుర్తు చేసుకోండి. ఆ మనిషి మొట్టమొదట పోగొట్టుకున్న స్వరాలు ఇవే. ఇరవై ఏళ్ళుగా ఈ ఎత్తులో ఏదీ ఆయన సరిగా వినలేదు. తన చివరి సొనాటా చివరి పేజీల్ని తెచ్చి సరిగ్గా ఇక్కడ పెట్టాడు. ఎక్కడైనా పెట్టి ఉండొచ్చు. కింది స్వరాల అదురు చేతికైనా తెలిసేది. ఆయన ఎంచుకున్నది తనకు ఏమాత్రం అందని చోటు. ఆయన వినని ఆ ట్రిల్‌ను, రెండువందల ఏళ్ళు దాటాక, మీరు నాలుగో వరుసలో కూర్చుని వింటున్నారు. సంగీతచరిత్రలో ఇంతకంటే పెద్ద ధైర్యం నాకు తెలియదు.

ట్రిల్ ఆగింది. పాట ఒకసారి తల తిప్పి చూసినట్టు ఇంకోసారి వచ్చింది. ఈసారి రెండో పలుకులో ఒక చిన్న మార్పు. రి, ప, ప అనే ముందు, ఆ రిషభానికి ఒక అరమెట్టు కింద, ఇంతసేపూ ఈ పాటలో చోటులేని శుద్ధ రిషభం ఒకటి వచ్చి చేరింది. ఒక్క అదనపు స్వరం. థామస్ మన్ 1947లో అచ్చయిన తన నవల డాక్టర్ ఫౌస్టస్‌లో నత్తి ఉన్న ఒక సంగీత ఉపన్యాసకుడి చేత ఈ ఒక్క స్వరం గురించే ఎంతో మాట్లాడించాడు, దాన్ని సెలవు తీసుకోవడంగా విన్నాడు. నాకది సెలవులా కాక, పక్కనుంచి ఎవరో ఆప్యాయంగా చెయ్యి వేసినట్టు వినిపిస్తుంది. మీకెలా వినిపిస్తే అదే నిజం.

దిగుతూ, దిగుతూ, ఒక చిన్న స్వరసమూహం. మెల్లగా, పొట్టిగా. అయిపోయింది. ఆమె చేతులు మెట్ల మీంచి ఇంకా తీయలేదు.

చప్పట్లు మొదలయ్యేలోపు ఒక్క సంగతి చెబుతాను. ఈ సొనాటా చేతికందాక ప్రచురణకర్తలైన ష్లెసింగర్‌ల నుంచి ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది, ప్రతి రాసినవాడు మూడో భాగాన్ని మరిచిపోలేదు కదా అని. మూడోది రాయడానికి తీరిక లేకపోయిందని బేతోవెన్ తనతో అన్నట్టు ఆయన కార్యదర్శి షిండ్లర్ తర్వాత రాశాడు. నేను నమ్మను. ఇంటికొచ్చినవాళ్ళు రాసి చూపించిన ఆ సంభాషణ పుస్తకాల్లో బేతోవెన్ చనిపోయాక సొంత మాటలు రాసి చేర్చినవాడు షిండ్లరే, ఆ సంగతి 1970లలో బయటపడింది. ఇప్పుడు ఇక్కడ కూర్చుని విన్నారు కదా, మీరే చెప్పండి, ఇంకో భాగం ఎక్కడ పడుతుంది?

అలాగని ఇది చావుపాట కాదు. చాలామంది దీన్ని అంతిమ వీడ్కోలుగా రాస్తారు. రాతప్రతి మీద ఆ తేదీ వేశాక బేతోవెన్ ఐదేళ్ళకు పైగా బతికాడు, 1827 మార్చి 26న పోయాడు. ఆ మధ్యలో డియాబెల్లి వేరియేషన్లు, ఆగిపోయిన ఆ మాస్, 1824 మే 7న తొమ్మిదో సింఫనీ, ఆ తర్వాత చివరి క్వార్టెట్లు. పియానో సొనాటా మాత్రం మళ్ళీ రాయలేదు. ఆ విషయంలో చెప్పవలసింది చెప్పేశాడు, మిగతా పనికి వెళ్ళాడు. ఆయన కంటే మూడేళ్ళు పెద్దవాడైన త్యాగరాజస్వామి అదే కాలంలో కావేరి ఒడ్డున, తిరువయ్యారులో, తెలుగులో కీర్తనలు కడుతున్నాడు. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలియదు. మనకు ఇద్దరూ తెలుసు, ఇద్దరినీ వినగలం. అదృష్టం మనదే.

దీనికోసం వియన్నా వెళ్ళనవసరం లేదు. ఆర్టుర్ ష్నాబెల్ 1932 నుంచి 1935 లోపు లండన్‌లో 32 సొనాటాలనూ మొట్టమొదటిసారి రికార్డు చేశాడు, అవి ఇప్పటికీ దొరుకుతాయి. గీతలు పడ్డ శబ్దం ఇబ్బందైతే క్లాడియో అర్రావ్ వాయించింది వినండి, లేదా మిత్సుకో ఉచిదాది. అరగంట చాలు. ఫోను పక్క గదిలో పెట్టండి. రెండో భాగం మొదలవగానే వేలితో తాళం వెయ్యండి, చివరిదాకా అదే తాళం. ఇంట్లో వయసు మళ్ళిన అమ్మో నాన్నో ఉంటే వాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పాశ్చాత్య సంగీతం వాళ్ళకేం తెలుస్తుందని అనుకోకండి. నాలుగో వేరియేషన్ మీకంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది.